మన నేలలో వేరూనిన పరాయి ఆట



నేడు నేను మనవి చేయబూనినది రాజుల కథ గాదు, యుద్ధముల కథయు గాదు. ఇది ఒక ఆట కథ. ఆటకథకు ఇంత ప్రసంగమేల యని పెద్దలు తేలికగా దలపవలదు. ఒక దేశపు ఆట మరియొక దేశమున ఎట్లు నాటుకొనెనో విచారించినచో, ఆ యుభయ దేశములవారును ఒకరినొకరు ఎట్లు చూచుకొనిరో, ఎవరిని లోనికి రానిచ్చిరో, ఎవరిని వెలుపల నిలిపిరో తెలియగలదు. చరిత్రగ్రంథములు చెప్పని సంగతులు కొన్ని ఆటస్థలములలో దాగియుండును.

నెల్లూరుసీమవారికి నారుమడి సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు. విత్తనము మేలైనదైనంతమాత్రమున పైరు రాదు. నారు పోసినవాడొకడు, పెరికి తెచ్చి నాటినవాడొకడు, నీరు కట్టినవాడొకడు ఉండవలెను. పరదేశపు ఆటయు అట్టిదే. ఓడలో వచ్చినవాడు విత్తనము తేగలడు గాని, దానిని నాటి నీరు కట్టవలసినవాడు ఆ నేలవాడే.

ఈ మాటకు మన తీరమే మంచి నిదర్శనము. సముద్రముమీదుగా ఇంగ్లీషు భాష మాటలాడు రెండు జాతులవారు ఇచ్చటికి వచ్చిరి. మొదటివారు ఆంగ్లేయులు. చెన్నపట్టణమను పేరైనను పుట్టకమునుపు, 1626లో, వారు నాటి నెల్లూరు మండలపు తీరమున దుగరాజపట్టణమునందు వర్తకశాలను నిర్మించుకొనిరి. దానికే వారు ఆర్మగాము అని పేరు పెట్టుకొనిరి. రెండవవారు అమెరికా దేశీయులు. ఆ దేశపు బాప్టిస్టు సంఘమువారు 1840లో నెల్లూరు చేరి, అచ్చట నిలిచి, పాఠశాలలను, వైద్యశాలలను నడపిరి.

ఆంగ్లేయుల దేశపు ఆట క్రికెట్టు. అమెరికావారి దేశపు ఆట బేసుబాలు. రెండును మన బిళ్ళంగోడునకు దూరపు చుట్టములే. బిళ్ళంగోడులో కఱ్ఱతో బిళ్ళను లేపి కొట్టుదుము. అవతలివాడు దానిని పట్టుకొన్నచో మన ఆట ముగియును. క్రికెట్టులో బిళ్ళకు బదులు తోలుబంతి. కొట్టువాని వెనుక మూడు పుల్లలు పాతియుండును. కొట్టినవాడు ఇరువదిరెండు గజముల మేర అటునిటు పరుగెత్తును. బేసుబాలులో పుల్లలు లేవు. ఆటస్థలపు నాలుగు మూలల నాలుగు గుర్తులుండును. కఱ్ఱతో కొట్టినవాడు ఆ నాలుగింటిని చుట్టి బయలుదేరినచోటికి క్షేమముగా చేరినచో ఒక పరుగు. బిళ్ళంగోడు ఎఱిగిన పిల్లవానికి ఈ రెంటిలో ఏదియు కష్టమైన విద్య గాదు.

అయినను ఫలము చూడుడు. అమెరికావారు నెల్లూరు నడిబొడ్డున తరతరములు నివసించినను, వారి బేసుబాలు మన పల్లెల ఆట కాలేదు. ఆంగ్లేయులు దుగరాజపట్టణమున కొలదికాలమే యుండి తరలిపోయినను, వారి క్రికెట్టు నేడు ప్రతి పల్లెలోను, కోత కోసిన ప్రతి చేనిలోను కానవచ్చుచున్నది. కఱ్ఱ కొనలేని పిల్లలు తాటిమట్టను చెక్కుకొని యైనను ఆడుచున్నారు. ఇందుకు కారణమేమి? దొరతనము ఆంగ్లేయులది గనుక వారి ఆట నిలిచినది యని కొందరందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని అదియే పూర్తి సమాధానమైనచో, దొరలు ఆడిన ఆటలన్నియు మన పల్లెలలో నిలువవలసియుండెను. గుఱ్ఱముపై నెక్కి ఆడు పోలోయు, గోల్ఫును మన పల్లెలకు రాలేదు గదా. కావున కారణమును మరియొకచోట వెదకవలెను.

దుగరాజపట్టణపు వర్తకశాల ఆంగ్లేయులకు కలిసిరాలేదు. అచ్చటి అధికారియగు ఫ్రాన్సిసు డే దక్షిణముగా వెదకుచు బోయి, 1639లో దామెర్ల నాయకులవలన ఒక ఇసుకతిన్నెను పొందెను. ఆ నాయకులు తెలుగువారు. వారి తండ్రి చెన్నప్పనాయకుని పేరనే చెన్నపట్టణమని పేరు కలిగెను. 1640లో ఆంగ్లేయులు మన తీరమును వీడి అచ్చటికి తరలి కోట కట్టుకొనిరి. వారివెంటను, వారి తరువాతను, తెలుగు వర్తకులు పెక్కుమంది ఆ పట్టణము చేరిరి. దొరకు దేశభాష రాదు. దేశీయునకు దొరభాష రాదు. ఈ రెండును ఎఱిగినవాడు ద్విభాషి. వాడుకలో వానిని దుబాసి యనిరి. కంపెనీల క్రయవిక్రయములు దుబాసుల చేతిమీదుగా జరుగుచుండెను. అందుచే కొన్ని తెలుగు కుటుంబములు గొప్ప ధనవంతములాయెను.

క్రికెట్టు మన దేశమునకు తొలుత వచ్చినది ఓడవారితోనే. 1721లో ఖంబాయతు తీరమున ఓడ నిలిచియుండగా నావికులు ప్రొద్దుపుచ్చుటకై ఈ ఆట ఆడిరని వారిలో నొకడగు క్లెమెంటు డౌనింగు వ్రాసెను. దేశీయులు చుట్టును చేరి చూచిరేగాని ఆడలేదు. 1792 నాటికి కలకత్తాలో ఆంగ్లేయులకు క్లబ్బు కలదు. చెన్నపురిలో 1846లో అలెగ్జాండరు అర్బత్‌నాటు అను ఉద్యోగి మద్రాసు క్రికెట్టు క్లబ్బును స్థాపించెను. మొదట వారు కూవము నదిచే చుట్టబడిన దీవి మైదానమున ఆడుచుండిరి. 1865లో చేపాకమున స్థలము లభించెను. పిమ్మట అచ్చట పెవిలియను అనబడు ఆటగాండ్ర విడిదియు లేచెను. ఆ క్లబ్బు దొరలది. దేశీయులకు అందు సభ్యత్వము లేదు.

నావికులు ఆడినది మొదలు చేపాకపు విడిది లేచువరకు నూటనలువది సంవత్సరములకు పైగా గడచెను. ఇంతకాలమును ఈ ఆట మన దేశమున ఉన్నదేగాని, మనదేశపుది కాలేదు. కుండీలో పెట్టిన మొక్కవలె దొరల ముంగిట పెరిగినది. మొట్టమొదట దీనిని పట్టుకొన్న దేశీయులు బొంబాయి పారసీకులు. వారు 1848లోనే ఒక క్లబ్బును పెట్టుకొని, 1886లో ఇంగ్లండుకే వెళ్ళి ఆడివచ్చిరి. దక్షిణదేశమున ఆ పని చేసినవాడు ఒక తెలుగువాడు.

చెన్నపురి మైలాపురమున లజ్ అను భాగమున ఒక పెద్ద భవనముండెను. ఆ యింటి యజమాని మోదవరపు దేర వేంకటస్వామినాయుడు. ఆయన ప్యారీ కంపెనీకి దుబాసి. ఆయన తన దౌహిత్రుని దత్తత చేసికొనెను. 1868లో జన్మించిన ఆ బాలుని పేరు వేంకటమహీపతినాయుడు. కాని ఇంటిలో ముద్దుపేరు బుచ్చిబాబు. లోకమునకును ఆ పేరే నిలిచెను. సంపన్నుల బిడ్డడగుటచే ఆయన ఆంగ్లేయ ఉపాధ్యాయిని పెంపకమున పెరిగి, దొరల భాషను, ఆటలను చిన్ననాడే నేర్చెను. గుఱ్ఱపుస్వారి, టెన్నిసు, క్రికెట్టు మున్నగువానిలో ఆరితేరెను.

అట్టి బుచ్చిబాబు చేపాకమున ఏమి చూచెను? దేశీయులు దొరలతో ఆడవచ్చును. కాని వారి విడిదిలో అడుగు పెట్టరాదు. ఎండలో పగలెల్ల బంతివెంట పరుగిడినపిమ్మట, భోజనవేళ దొరలు లోపల బల్లలయొద్ద కూర్చుండగా, దేశీయ ఆటగాండ్రు చెట్లనీడను కూర్చుండి భుజింపవలసియుండెను. మైదానమున ఇరుపక్షములకును ఒకే నియమము. గడప దాటినంతనే వేరొక నియమము. చిన్నచూపునకు ఇంతకన్న సూటియైన గుర్తు ఏమి కావలెను?

ఇట్టియెడల మనుష్యుడు రెండు త్రోవలలో దేనినైనను పట్టవచ్చును. ఈ ఆటయే మాకు వలదని ఇల్లు చేరవచ్చును. లేదా దొరల దయకై గుమ్మమున కాచుకొనియుండవచ్చును. బుచ్చిబాబు ఈ రెంటిని విడచి మూడవ త్రోవ పట్టెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1888లో, మద్రాసు యునైటెడు క్లబ్బు అను దేశీయుల క్లబ్బును స్థాపించెను. కోటకు సమీపమున నున్న ఎస్ప్లనేడు మైదానము దానికి ఆటపట్టాయెను. ధనమున్నవాడు గనుక కావలసిన పరికరములను సమకూర్చెను. ఆట తెలిసినవాడు గనుక యువకులను చేరదీసి నేర్పెను. ఎవరి గుమ్మమునను నిలువనక్కఱలేకుండ మన పిల్లలు తమ నేలమీద తాము ఆడుకొనుట ఆనాటితో చెన్నపురిలో స్థిరపడెను.

పెద్దలు ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. బుచ్చిబాబు గొప్ప ఆటగాడు. తన ఆట తాను ఆడుకొని మెప్పు పొందియుండవచ్చును. అట్లు చేసియున్నచో ఆయన పేరు ఆయనతోనే ముగిసియుండెడిది. ఆయన ఆటస్థలము నేర్పరచి ఇతరుల నాడించుటచేతనే దక్షిణభారత క్రికెట్టునకు పితామహుడని పేరొందెను. ఒక్కడు ఆడినది వినోదము. ఊరిచే ఆడించినది నాటు.

నాటిన పైరు నిలిచినదా లేదా యని తెలియుటకు గాలివాన రావలెను. ఆటకు గాలివాన పోటీయే. ఇరువదియేండ్లు క్లబ్బు నడపినపిమ్మట బుచ్చిబాబు ఒక పెద్దయత్నము చేసెను. చెన్నరాజధానిలోని దేశీయులందరికి ఒక జట్టు, ఆంగ్లేయులందరికి ఒక జట్టు ఏర్పడి, సమానులుగా పోటీ పడవలెనని దొరల క్లబ్బులోని ప్యాట్రిడ్జి అను మిత్రునితో మాటలాడి ఒప్పించెను. 1908 డిసెంబరులో ఆ పోటీ జరుగుటకు ఏర్పాటాయెను. కాని విధి వేరొకటి తలచెను. ఆట మరికొన్ని దినములున్నదనగా బుచ్చిబాబు కాలధర్మము నొందెను. ఆయన వయస్సు అప్పటికి నలువది మాత్రమే.

నాయకుడు పోయినను పోటీ ఆగలేదు. నాటిన చేయి లేకున్నను పైరు నిలిచినదనుటకు ఇదియే గుర్తు. రాజధాని పోటీ యని పేరొందిన ఈ ఆట 1915-16 మొదలు 1951-52 వరకు సాగెను. సంక్రాంతిదినములలో జరుగుటచే దీనికి పొంగలి పోటీ యనియు పేరు కలిగెను. పండుగకు పట్టణము చేరిన జనము చేపాకము చుట్టును మూగి, మనవారు దొరలకు దీటుగా ఆడుటను కన్నులార జూచెడివారు. బుచ్చిబాబు పేర నెలకొల్పబడిన పోటీయు చెన్నపురిలో నేటికిని జరుగుచున్నది.

ఈ కథ మనకొక్కరికే చెందినది గాదు. మన తీరమున నాటుకొనని ఆ బేసుబాలే, వేయి ఆమడల కావలనున్న జపానుదేశమున ఎట్లు నాటుకొనెనో వినుడు. 1872లో తోక్యోనగరపు పాఠశాలలో హోరెసు విల్సను అను అమెరికా ఉపాధ్యాయుడు శిష్యులకు ఈ ఆట నేర్పెను. 1878లో హిరవోక అను జపాను ఇంజనీరు, అమెరికాలో చదువుకొని వచ్చినవాడు, షింబాషి యను చోట రైల్వే ఉద్యోగులతో మొదటి జట్టును కూర్చెను. నేర్పినవాడు పరదేశి; నాటినవాడు స్వదేశి.

యొకొహామా రేవుపట్టణమున అమెరికావారికిని, ఇతర పరదేశీయులకును ఒక క్లబ్బుండెను. జపానువారు అందు ప్రవేశింపరాదు. చేపాకము వంటి చోటే యన్నమాట. తోక్యో ఉన్నతపాఠశాల విద్యార్థులు, మాతో ఒకమారు ఆడుడని ఆ క్లబ్బును పలుమారు కోరిరి. ఈ ఆట మాది, మీ దేహములకు తగదని పరదేశీయులు త్రోసిపుచ్చుచు వచ్చిరి. తుదకు 1896 మే 23వ తేదీన ఒప్పుకొనిరి. విద్యార్థులకు 29 పరుగులు, పరదేశీయులకు 4. మరల జూనులో ఆడిరి. అప్పుడు విద్యార్థులకు 32, పరదేశీయులకు 9. ఆనాటినుండి బేసుబాలు జపానువారి సొత్తాయెను. చుమాను అను విద్యార్థి దానికి తమ భాషలో యాక్యూ యని పేరు కూర్చెను; మైదానపు బంతి యని దాని యర్థము. 1936 నాటికి అచ్చట జీతము గొని ఆడు జట్లే ఏర్పడెను.

చెన్నపురికిని తోక్యోకును సంబంధము లేదు. బుచ్చిబాబునకు ఆ విద్యార్థుల సంగతి తెలిసియుండెనని చెప్పజాలము. అయినను రెండుచోట్లను పైరు ఒక్కతీరున పెరిగెను. పరదేశి విత్తనము తెచ్చెను. స్వదేశి స్థలమును, జట్టును ఏర్పరచెను. లోనికి రావలదన్నవానితో సమానముగా నిలిచి ఆడగోరెను. ఆడి నిలిచెను. ఈ మూడు మెట్లు ఎక్కని ఆట ఎంత మంచిదైనను పరాయిదిగానే యుండిపోవును. మన నెల్లూరుతీరమున బేసుబాలునకు నాటువేసిన బుచ్చిబాబు కానరాడు. అందుచే అది మన ఆట కాలేదు.

అమెరికా ఆటలకే మన నేల పొసగదేమో యని శంకింపనక్కఱలేదు. వాలీబాలు చూడుడు. అదియు అమెరికాలో పుట్టినదే. 1895లో మాసచుసెట్సు రాష్ట్రపు హోలియోకు పట్టణమున విలియము మోర్గను అనువాడు కల్పించెను. వై.ఎం.సి.ఎ. అను క్రైస్తవ యువజన సమాజముద్వారా అది మన దేశము చేరెను. ఆ సమాజము తరఫున హారీ బక్కు అను అమెరికా ఉపాధ్యాయుడు 1920లో చెన్నపురియందు వ్యాయామోపాధ్యాయులకు ఒక విద్యాశాల నెలకొల్పెను. ఆయన ఆట నేర్పుటతో తృప్తిపడక, ఆట నేర్పగల దేశీయులను తయారుచేసెను. అట్టి విద్య నేర్చినవారు ఊరూర బడులలో వ్యాయామోపాధ్యాయులైరి. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి. వల నేయుటయు, అల్లుటయు తీరపు పల్లెలవారికి పుట్టువిద్య గదా. నేడు సముద్రపుటొడ్డు పల్లెలలో సాయంకాలము ఇసుకపై వాలీబాలు ఆడని యువకులు అరుదు. నాటువేయువాడు దొరికెను, పైరు వచ్చెను.

మరల క్రికెట్టునకు వత్తము. బుచ్చిబాబు నాటిన పైరు పండినవిధమును విన్నచో తెలుగువారికి సంతోషము కలుగును. ఆయన కుమారులు ఆటలో తండ్రికి తగినవారైరి. 1896లో జన్మించిన రామస్వామి వారిలో కడపటివాడు; మాతామహుని యింటికి దత్తుడై కోట రామస్వామి యాయెను. 1922లో డేవిసు కప్పు టెన్నిసు పోటీలలో మన దేశము పక్షమున ఆడెను. పదునాలుగేండ్ల తరువాత, నలువదియేండ్ల ప్రాయమున, 1936లో ఇంగ్లండున క్రికెట్టు టెస్టులలో ఆడెను. మాంచెస్టరు పట్టణమున తన మొదటి టెస్టునందే 40, 60 పరుగులు తీసెను. రెండు ఆటలలో దేశమునకు ప్రాతినిధ్యము వహించిన వారు మిక్కిలి కొలదిమంది, అందీయన ఒకడు.

నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన కొఠారి కనకయ్యనాయుడు, సి.కె.నాయుడని దేశమంతయు ఎఱిగిన వీరుడు. 1926 డిసెంబరులో ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై బొంబాయిలో ఆడుచు, రెండు గంటలైనను నిండకముందే 153 పరుగులు తీసెను. అందు పదునొకండు పర్యాయములు బంతి నేల తాకకుండ ఎల్ల దాటెను. మన దేశము తన మొదటి టెస్టును 1932 జూను 25న లండనులోని లార్డ్సు మైదానమున ఆరంభించినప్పుడు నాయకుడీయనయే. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగర మహారాజకుమారుడు విజయానందగజపతిరాజు. ఆ జట్టులో కనకయ్యనాయుడును, ఆయన తమ్ముడు సి.ఎస్.నాయుడును, కోట రామస్వామియు నుండిరి. ఒక్క జట్టున నలువురు తెలుగువారు!

చేపాకపు మైదానముమీదను కాలము మారెను. రంజీ పోటీలలో మొట్టమొదటి ఆట 1934 నవంబరు 4న అచ్చటనే మద్రాసు, మైసూరు జట్లకు జరిగి, ఒక్క దినముననే ముగిసెను. అంతకుముందు అదే సంవత్సరము ఫిబ్రవరి 10న అచ్చట ఇంగ్లండుతో మొదటి టెస్టు ఆరంభమాయెను. మన నాయకుడు కనకయ్యనాయుడు. అందు మనము ఓడితిమి. సరిగా పదునెనిమిదేండ్లు గడచినవి. 1952 ఫిబ్రవరి 10న, అదే చేపాకమున, స్వతంత్ర భారతదేశపు జట్టు ఇంగ్లండును ఒక ఇన్నింగ్సు, ఎనిమిది పరుగుల తేడాతో ఓడించెను. టెస్టులలో మన దేశమునకు అదియే మొదటి గెలుపు. ఏ విడిదిలోనికి రానీయక మనవారిని చెట్లక్రింద కూర్చుండబెట్టిరో, ఆ చోటనే ఈ విజయము కలిగెను. మరుసటియేట ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆంధ్ర క్రికెట్టు సంఘమును ఆ 1953లోనే పుట్టెను. ఏబదియెనిమిదేండ్ల వృద్ధుడైన కనకయ్యనాయుడు 1953-54 రంజీ పోటీలలో ఆంధ్రజట్టు పక్షమున ఆడెను.

ఇచ్చట నిలిపినచో కథ వినసొంపుగా నుండును. కాని చరిత్ర చెప్పువాడు తీపినే చెప్పి చేదును దాచరాదు. దొరలు మనలను లోనికి రానీయలేదను మాట సత్యమే. మనము అందరిని రానిచ్చితిమా?

1876లో జన్మించిన పల్వంకరు బాలూ అను మరాఠీ యువకుడు పుణ్యపురి దొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతమునకు నేల చదునుచేయు పనివాడు. అంటరానివారని చెప్పబడిన కులమున పుట్టినవాడు. దొరలు అభ్యాసము చేయుచుండగా వారికి బంతులు విసరి విసరి అతడు ఆ విద్యలో అసమానుడాయెను. ఆ సంగతి తెలిసి పుణ్యపురి హిందువులు అతనిని తమ జట్టులో చేర్చుకొనిరి. మైదానమున అతడు విసరిన బంతిని అందరును తాకిరి. కాని తేనీటివేళ తక్కినవారు విడిదిలో కూర్చుండి పింగాణీపాత్రలలో త్రాగగా, అతనికి వెలుపల మట్టిపాత్రలో పోసిరి. అతని బలముచేతనే పలుమారు గెలిచిరి. 1906లో బొంబాయిలో హిందువుల జట్టు ఆంగ్లేయులను ఓడించినప్పుడు అతడందుండెను. 1911లో ఇంగ్లండు వెళ్ళి అచ్చట 114 వికెట్లు తీసెను. అయినను అతనిని హిందూజట్టునకు నాయకునిగా నియమింపలేదు. ఆ గౌరవము 1923లో అతని తమ్ముడు విఠలునకు దక్కెను.

చెట్లనీడను భుజింపవలసివచ్చెనని నొచ్చుకొన్నది మనమే. మట్టిపాత్రలో తేనీరు పోసి వెలుపల నిలిపినదియు మనమే. దొర చేసినది తప్పైనచో మనము చేసినది ఒప్పెట్లగును? అయితే ఆ మట్టిపాత్రను ఎక్కువకాలము నిలువనీయనిదియు ఆటయే. గెలుపు కావలెనన్న బాలూ కావలెను. బాలూ కావలెనన్న పంక్తిలో చోటీయవలెను. కాలక్రమమున అతని సహచరులలో పెక్కురు అతనితో కలిసి భుజింపసాగిరి. శాస్త్రవాదములు చేయలేని పనిని ఒక తోలుబంతి కొంతవరకు చేసెను.

ఈ ప్రసంగము వినువారిలో గ్రామపెద్దలు పలువురున్నారు. కావున ముగించుటకుముందు మీ యెదుట మూడు మాటలుంచుచున్నాను.

మొదటిది నేల. బుచ్చిబాబునకు ఎస్ప్లనేడు మైదానము దొరకకున్నచో ఈ కథయే లేదు. మన గ్రామములలో పూర్వము పశువులు నిలుచు మందబయళ్ళు, చెఱువుగట్టు ప్రక్క బంజరులు పిల్లలకు ఆటపట్టులుగా నుండెను. అవి సెంటు సెంటుగా ఎవరో ఒకరి కంచెలోపలికి పోవుచున్నవి. కంచె వేసినవాడు మన బంధువైనందున మనము నోరు మెదపము. ఊరిలో ఒక్క బయలునైనను పిల్లలకై నిలుపుట ఊరిపెద్దల చేతిలోని పని.

రెండవది చేయూత. వేయిమంది ఆడగలవారున్నను, ఆడించువాడు ఒకడు లేనిచో ఆట నిలువదు. ప్రతి యూరికిని లజ్ భవనపు ధనికుడు ఉండనక్కఱలేదు. రెండు గుంజలు పాతించి, ఒక వల కొని, బడిపంతులునకు తోడుగా నిలిచినవాడును తన మేరకు బుచ్చిబాబే.

మూడవది గడప. మీ యూరి పిల్లలు ఆడునప్పుడు ఒక సాయంకాలము పోయి చూడుడు. గట్టుమీద కూర్చుండి చూచుచు, పిలుపునకై కాచుకొని, పిలుపు రాక చీకటిపడినంతనే తన వాడకు మరలిపోవు పిల్లవాడెవడైన ఉన్నాడేమో కనుగొనుడు. ఉన్నచో వానిని పేరుపెట్టి పిలిచి జట్టులో నిలుపుడు. ఆట ముగిసినపిమ్మట అందరును త్రాగిన చెంబుతోనే వానికిని మంచినీరు ఇప్పింపుడు.

పరాయి ఆట ఏనాడు మనదగునో ఇప్పుడు చెప్పవచ్చును. మనవాడొకడు దానికి నేల చూపిననాడు అది మొలకెత్తును. మనలను వెలుపల నిలిపినవానితో సమానముగ ఆడిననాడు అది వేరూనును. మనము ఎవరిని వెలుపల నిలుపకుండ ఆడిననాడు అది పూర్తిగా మనదగును. మొదటి రెండు పనులను మన పూర్వులు చేసిపోయిరి. మూడవది ఇంకను ప్రతి యూరిలో, ప్రతి సాయంకాలము, చేయవలసిన పనిగా మిగిలియున్నది.